శుక్రవారం సారు చూసిన ఎలుకలు

మా పిన్ని మందులు పరీక్షించే సంస్థలో, ఎలుకల గదిలో పనిచేసేది. పందొమ్మిదేళ్ళు చేసింది. "ఎలుకలకి ఆయా" అని మా ఇంట్లో అందరూ ఆటపట్టించేవాళ్ళు. అలా నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రోజూ ఒక్కో ఎలుకనీ వెనకనుంచి చేత్తో పట్టుకుని తూచి, పంజరానికి వేలాడే కార్డులో బరువు రాయాలి. అదీ పెన్సిల్‌తోనే. బరువు పక్కనుండే ‘గమనిక’ గడి మాత్రం పరిశోధకుడిది. ఆయనగారు వారానికోసారి దయచేస్తాడు గనక పిన్ని శుక్రవారం సారు అని పేరు పెట్టింది. వచ్చి కుర్చీలో కూర్చుని, వారం గడులన్నీ ఒక్క ఊపులో "మామూలు, మామూలు" అని నింపేసి పోయేవాడు. చూడనిదాన్ని రాయడానికి అంత చదువు దేనికో!

పోయినేడాది ఒక కొత్త మందు మొదలైన మూడో వారంలో, పదకొండు ఎలుకలు తల ఒక పక్కకి వాల్చేశాయి. ఎలుక అలా వాల్చిందంటే ఆ పక్క చెవి లోపల దెబ్బతిన్నట్టే. అదే మందు రేపు మనుషులకీ ఇస్తారని పిన్నికి తెలుసు. అందుకే గమనిక గడిలో ఆ సంగతి రాసింది. సారు రబ్బరుతో చెరిపేశాడు.

"నీ పని తూచడం. చూడ్డం కాదమ్మా."

"చూడకుండా తూచడం ఎలా సార్?"

మర్నాడు పదకొండు కార్డుల మీదా పెన్నుతో రాసింది. వారం తిరక్కుండా ఆమెని సీసాలు కడిగే గదికి మార్చేశారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్ళి నిలదీస్తానంటే పిన్నే ఆపింది.

"కార్డు మీద ఉంది కదే. అది చాలు."

మొన్న సారు వ్యాసం అచ్చయింది. వంటింట్లో నిలబడి పిన్నికి చదివి వినిపించాను. "నా నిశిత పరిశీలనలో తేలినదేమనగా, పదకొండు ఎలుకలు తల వాల్చినవి" అట! సొమ్మొకడిది, సోకొకడిది. పళ్ళు కొరుక్కుంటూ చివరిదాకా చదివాను. మందు వాడబోయే రోగులకి డాక్టర్లు ముందుగా కుడి చెవి పరీక్షించాలని సలహా కూడా పారేశాడు.

గిన్నె తోముతున్న పిన్ని చెయ్యి ఆగింది.

"ఏ చెవన్నావు?"

"కుడి చెవి."

"కుడేంటే వాడి మొహం! అన్నీ ఎడమకే వాల్చాయి. పంజరానికి ఎదురుగా నిలబడి చూస్తే మన కుడివైపుకే కనిపిస్తుంది. ఒక్కసారి చేత్తో పట్టుకుని ఉంటే తెలిసేది."

అంత కోపం ఆమెలో నేనెప్పుడూ చూడలేదు. కానీ మరుక్షణమే నీళ్ళు కారుతున్న చేతులతో అలాగే స్టూలు మీద కూలబడింది.

"ఏ పక్కకో నేనూ రాయలేదే. నాకు తెలుసు కదా అని వదిలేశాను."

"ఇందులో నీ తప్పేముంది పిన్నీ?"

"ఉంది. కాగితం తే. ఆ డాక్టర్లకి ఉత్తరం రాయి. వ్యాసంలో నా పేరు లేకపోతే పోయింది, వాళ్ళు తప్పు చెవి చూడకూడదు."

"ఎడమకని ఎవరు చెప్పారని వాళ్ళు అడిగితే? సారు పరిశీలన అచ్చులో ఉంది మరి."

పిన్ని చెంగుతో చేతులు తుడుచుకుంది.

"నేను చూశానని రాయి."