వేలంత దుంప

కూర్మన్నపాలెంలో ఎల్లారావు అద్దెకున్న ఇంటి వెనక మంచమంత మట్టి ఉంది. గోడ అవతల, దూరంగా, ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాలు పగలంతా ఊపిరి వదులుతుంటాయి. కార్తీకం మొదట్లో ఆ మట్టిలో అతను రెండు వరుసలు నాటాడు. ఒకటి రైతుబజారులో కొన్న మామూలు బంగాళాదుంపలు. రెండోది, బీచ్ రోడ్డు హోటల్లో వంట చేసే బావమరిది అశోక్ తెచ్చిన పొడుగు రకం బంగాళాదుంపలు. మొలకలొచ్చాయని అక్కడ పారేస్తుంటే సంచిలో వేసుకొచ్చాడు. సన్నగా, వంకరగా, ముడతలతో అచ్చం వేళ్ళలా ఉన్నాయి.

ఎల్లారావు నాటుతుంటే అశోక్ గోడనానుకుని చూశాడు.

"ఏటి బావా, వేలు పాతితే వేలు మొలుత్తాదనుకున్నావేటి?"

"మొలిత్తే నీకూ ఓటి ఇత్తాన్లే" అన్నాడు ఎల్లారావు. ఇద్దరూ నవ్వారు.

అంతకు ఎనిమిది నెలల ముందు, అచ్యుతాపురం మందుల కంపెనీలో డ్రమ్ములకు మూతలు బిగించే మెషీను అతని కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు తీసుకుంది. పక్క రెండు వేళ్ళు పుల్లల్లా బిగుసుకుపోయాయి. తప్పెవరిదని అడిగితే, ఆ క్షణం రెప్ప వేశానంటాడు. చేతికి పట్టు వస్తే ప్యాకింగులో పెట్టుకుంటానని, శివరాత్రి దాకా చోటు ఉంచుతానని సూపర్‌వైజర్ చెప్పాడు. అక్కడ పని గాజు సీసాల్ని అట్టపెట్టెల్లో సర్దడం. జారకూడదు, పగలకూడదు.

ఎలమంచిలి పక్క పల్లెలో మట్టి తింటూ పెరిగిన మనిషి. డాక్టరిచ్చిన రబ్బరు బంతి కన్నా మట్టినే ఎక్కువ నమ్మాడు. పొద్దున్నే కుడిచేత్తో మొక్కల మొదళ్ళకు మట్టి ఎగదోసేవాడు. ఆ చేత్తో పొడుగు దుంపని విరగకుండా తీసిన రోజున సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తానని భార్య రోజారమణికి మాత్రం చెప్పాడు. మధ్యాహ్నాలు గట్టు మీద కూర్చుంటే, మట్టి కింద ఏదో కణుపు కణుపుగా సాగుతున్నట్టు ఉండేది. పోయిన వేళ్ళు అక్కడే ఎక్కడో నీళ్ళు తాగుతున్నట్టు ఉండేది.

ఆకులు పండాయి. శివరాత్రి నాలుగు రోజులుందనగా తవ్వాడు.

మామూలు దుంపలు కుడి అరచేతి గుంటలోకి వాటంతటవే వచ్చాయి. గుండె కొంచెం తేలికైంది. తర్వాత రెండో వరుస. మొదటి దుంప టక్కున విరిగింది. తాను నొక్కుతున్నట్టు చేతికి తెలియనే లేదు. గట్టిగా పడితే విరిగాయి, మెల్లగా పడితే జారాయి. ఆ రెంటికీ మధ్య ఉండే పట్టు అతని చేతిలో లేదు. మట్టి మీద తెల్లటి ముక్కలు తడితడిగా పడి ఉన్నాయి.

చివరి మొక్క కింద ఒక్కటి మిగిలింది. వంటింటి వైపు చూశాడు. ఎడమచేత్తో తీశాడు. అది చెక్కుచెదరకుండా వచ్చింది.

రోజారమణి బేసినుతో వచ్చి ముక్కల్ని చూసింది. కూర్చుని ఒక్కొక్కటీ ఏరింది.

"ముక్కలైతే ఏటి, కూరకెలాగూ కొయ్యాలి కదా."

అప్పుడు ఆ ఒక్క దుంప కనిపించింది. కొంగుతో తుడిచి వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. ఆ ముఖంలో అలాంటి వెలుగు చూసి ఏడాది కావస్తోంది.

"ఇది వచ్చీసింది సూడు. ఒకటొచ్చిందంటే మిగతాయీ వత్తాయి. ఫోన్ సెయ్యి."

చెబుదామని నోరు తెరిచాడు.

"సాయంత్రం సేత్తాన్లే" అన్నాడు.

ఆమె దాన్ని కూరలో వెయ్యలేదు. కిటికీలో పెట్టింది. సాయంత్రం వచ్చింది, శివరాత్రీ వెళ్ళిపోయింది. ఎందుకు చెయ్యలేదని ఆమె అడగలేదు. కిటికీలో దుంప ఎండకు మెల్లగా ఆకుపచ్చ రంగు తిరిగింది. ఇక తినడానికి కూడా పనికిరాదు.