తిరిగొచ్చే చప్పుడు

మా బావ పోయారు. అక్క ఫోన్ చేసి, "మీ బావ పలకట్లేదురా," అంది. అంతే. నేను సీతమ్మధారలో వాళ్లింటికి చేరేసరికి అక్క మంచం పక్కన కూర్చుని, ఆయన వైపు చెవి ఒగ్గి, ఇంకా వింటోంది.

వినడమే బావ ఉద్యోగం. సర్వే ఓడలో సోనార్ దగ్గర పనిచేసేవారు. ఓడ అడుగు నుంచి నీళ్లలోకి చప్పుడు పంపుతారు. అది చేపల గుంపుకు తగిలి తిరిగొచ్చి తెర మీద మబ్బులా కనబడుతుంది. మన తీరం వెంట వలస సాగే కవళ్లు, కానాగంతల్లాంటి చేపలు ఏపాటి మిగిలాయో దాన్ని బట్టి అంచనా కడతారు. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. తలుపు, బిందె, పుచ్చకాయ, దేన్నైనా వేలి కణుపుతో టకటకా కొట్టి వినేవారు. ఓసారి నా నెత్తి మీదా కొట్టారు.

"ఏటి ఇనబడింది బావా?"

"అన్నీ నినాదాలేరా బామ్మర్దీ. అరిసినోడు కాసేపు ఊరుకోవాల. నేకపోతే తిరిగొచ్చింది ఇనబడదు."

నేను ఊరుకునే రకం కాదని పత్రికలో నా రాతలు చదివే మీకు తెలుసు.

పత్రికలో రాస్తానంటే ఒక మధ్యాహ్నం నన్నూ ఓడెక్కించారు. ఒడ్డు కనుమరుగయ్యాక తెర మీద ఎర్రటి మబ్బు కమ్ముకుంది.

"ఇన్ని కవళ్లే!" అన్నాను.

"బతికున్నదేదో ఉంది. సేపో కాదో వల ఏత్తేనే తెలిసేది."

వల పైకొచ్చింది. డెక్ మీదికి జెల్లీఫిష్‌లు జారాయి. గాజు ముద్దలు. ఎగిరిపడవు, కొట్టుకోవు. చేప ఒక్కటి లేదు. వల లేస్తే మీద పడాల్సిన పక్షులు పైనే తిరుగుతున్నాయి తప్ప ఒక్కటీ వాలలేదు. తెర మీద మాత్రం ఆ మబ్బు మా కిందే, మాతోపాటే వస్తోంది.

ఆ మబ్బంతా చేపేనని రాయమన్నారు పైవాళ్లు. ఎందుకో చెప్పాలా? చేప దండిగా ఉందంటేనే పెద్ద ట్రాలర్లకు అనుమతి! "నాను ఇన్నది సేప కాదు," అని బావ సంతకం పెట్టలేదు. ఆయన్ని ఓడ దించి ఒడ్డున కూర్చోబెట్టారు. సంతకం పెట్టేవాడు మరొకడు దొరికాడు. ట్రాలర్లు వచ్చాయి, ఉన్న కాస్త చేపనూ ఊడ్చుకుపోయాయి. చిన్న పడవలవాళ్లు ఇప్పుడు దువ్వాడ అపార్ట్‌మెంట్లకు కాపలా కాస్తున్నారు. పోయిన మనిషిని తలుచుకుంటూ కూడా తగాదాయేనా అంటారా? అవును, తగాదాయే.

"వీధికెక్కు బావా, నలుగురికీ చెప్పు," అని ఎన్నిసార్లు పోరానో!

"నాను ఎయ్యాల్సిన కేక ఏసేసినాన్రా. ఇప్పుడింటన్నాను," అనేవారు. ఏం వినబడుతోందో చివరిదాకా చెప్పలేదు.

రుషికొండ దగ్గర సముద్రంలో అస్థికలు కలిపాం. ఆడవాళ్లు రాకూడదన్న పెద్దమనిషితో నేను గొడవపడుతుండగానే అక్క నడుం లోతు నీళ్లలోకి వెళ్లి కుండ ఒంపేసింది. ఖాళీ కుండను వేలి కణుపుతో టకటకా కొట్టి, నీళ్ల మీదికి వంగి, చెవి ఒగ్గింది.

"ఏటే అక్కా..."

"ఊరుకో."

మొదటిసారి ఊరుకున్నాను. మా పైన పక్షులు తిరుగుతున్నాయి. ఒక్కటీ వాలలేదు.