చిరుతతోలు పరిచిన బంగళా

మా ఊరు చేవెళ్లకు దగ్గరే. మా దొరకు అనంతగిరి గుట్ట మీద, అడవిని ఆనుకుని ఉన్న చిన్న ఊళ్ళో ఒక బంగళా ఉండేది. నిజాం కాలం అది. ఆ అడవిలో నవాబులు, దొరలు తప్ప ఎవరూ వేటాడకూడదు. వానాకాలం వాగులు చూడడానికి, చలికాలం వేటకు, ఎండాకాలం చల్లగాలికి దొర కుటుంబం గుట్ట ఎక్కేది. వాళ్ళ వెంట మేమూ ఎక్కాలి. నేను గిన్నెలు తోమి ఇల్లు ఊడ్చేదాన్ని. నా పెనిమిటి సామాన్లు మోసేవాడు. వెట్టి కనుక కూలి మాటే లేదు.

మా పెళ్ళయిన మరుసటి చలికాలం మొయినాబాదు నుంచి దొర స్నేహితులు తుపాకులతో వచ్చారు. మావాళ్ళు వరసగా నడుస్తూ, డబ్బాలు కొడుతూ, మృగాన్ని తుపాకుల వైపు తోలాలి. గుండు తగిలిన చిరుత వెనక్కి తిరిగింది. దానికి ఎదురుపడ్డవాడు నా పెనిమిటి.

అరుపులు విని పరుగెత్తాను. భుజం నుంచి పొట్ట దాకా చీలిపోయి ఉన్నాడు. పక్కనే చచ్చిన చిరుత. దొర కాళ్ళ మీద పడ్డాను.

"బండియ్యుండ్రి దొరా, వికారాబాదు దవాఖానకు తోల్కపోత."

"ఎండకు తోలు ఖరాబయితది. ముందుగాల దీన్ని బంగళాకు చేర్చనీ. బండి మల్ల వస్తది తియ్యి" అన్నాడు.

బండి తిరిగి వచ్చేసరికి నా పెనిమిటి నీళ్ళు అడగడం కూడా మానేశాడు.

ఎండాకాలం మళ్ళీ కబురొచ్చింది. "పోకుంటే గుడిసె పీకిస్తడు బిడ్డా" అంది మా అత్త. వెళ్ళాను. హాల్లో ఆ తోలు పరిచి ఉంది. రోజూ పొద్దున దాన్ని దులపడం నా పనే.

ఒక సాయంత్రం అతిథుల ముందుకు దొరసాని నన్ను పిలిచి, తోలు చూపించింది. "ఇది దీని మొగన్నే చంపింది. మీద ఎట్ల వడ్డదో చెప్పవే."

చెప్పాను. చాయ్ తాగుతూ విన్నారు. ఒక పడుచావిడ కళ్ళు తుడుచుకుంది. ఈమెకైనా జాలి ఉందనుకున్నాను.

"అరిచిండా? ఎట్ల అరిచిండు?" అని అడిగింది ఆవిడ.

ఆ తర్వాత ఏ కాలంలో కొత్తవాళ్ళు వచ్చినా నాతో చెప్పించారు, అచ్చం ఆయనలాగే అరిపించారు. రానురాను అలవాటైపోయింది.

ఒక వానాకాలం వంటపనికి మా అత్తను కూడా రప్పించారు. ఆ పూట నేను అరిచినప్పుడు ఆమె వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది. అతిథులు నవ్వారు. ఆమె చేతికంటిన పిండి కూడా కడుక్కోకుండా నా రెక్క పట్టుకుని బయటికి లాక్కుపోయింది.

వానలో గుట్ట దిగాం. ఊరికి పోలేదు. వికారాబాదులో రైలెక్కి పట్నం చేరి, ఇళ్ళు కట్టే చోట రాళ్ళు మోశాం. మా అత్త చాలా ఏళ్ళు బతికింది. నాతో కలిసి తిన్నది, నాకు తల దువ్వింది. నేను గొంతెత్తి ఎవరినైనా పిలిస్తే మాత్రం చెవులు మూసుకునేది.