ఓబులేసు సార్ చూపు

దెయ్యాలూ భూతాలూ నేను నమ్మను. నమ్మేవాణ్ణయితే ఈ పనిలో ఉండలేను. పోయినవాళ్లకు కళ్లు తెరిపించడం హిందూపురంలో నా స్టూడియోకి తరచుగా వచ్చే పని. బతికుండగా ఒక్క ఫోటో కూడా తీయించుకోని ముసలివాళ్లను పాడె మీద ఫోన్‌తో తీసి పట్టుకొస్తారు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని, మూసిన కళ్ల చోట తెరిచిన కళ్లు పెట్టి, తెల్ల చొక్కా తొడిగి ఇస్తాను. ఏనాడూ భయం వేయలేదు. ఫోటోలో ఏదో నీడ పడిందని ఎవరైనా వస్తే లెన్సు తుడుచుకోమని చెప్పి పంపిస్తాను.

నాకు ఫోటోల పిచ్చి చిన్నప్పుడే పట్టింది. మాది పరిగి దగ్గర పల్లె. పెళ్లిళ్లలో భోజనం మానేసి ఫోటోగ్రాఫర్ వెనకాల తిరిగేవాణ్ణి. చదువు మీద ధ్యాస లేదని తేలిపోయాక మా నాయన విసిగి, పెనుకొండలో ఓబులేసు సార్ స్టూడియోలో చేర్చాడు. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి ముఖం తీయడంలో సార్‌ను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. "నన్ను సూడు, పెట్టెను సూడొద్దు" అనేవారు. కెమెరాను ఆయన పెట్టె అనే పిలిచేవారు. చూపు సరిగా రాకపోతే ఆ ఫోటో ఇచ్చేవారు కాదు, మళ్లీ తీసేవారు.

నా తర్వాత కొన్నాళ్లకు ధర్మవరం నుంచి భూషణ వచ్చాడు. మగ్గం నేసేవాళ్ల ఇంటి పిల్లవాడు. నా కడుపుమంట అప్పుడే మొదలైంది. నేను లైట్లు సర్దితే సార్ ఒకసారి చూసి వెళ్లిపోయేవారు. వాడు సర్దుతుంటే పక్కనే నిలబడి ఉండేవారు. చివరికి తన పాత కెమెరా కూడా వాడికే ఇచ్చారు. తర్వాత ఇద్దరం సొంత స్టూడియోలు పెట్టుకున్నాం, పిల్లల పెళ్లిళ్లు చేసే వయసుకు వచ్చాం. ఆ కుళ్లు మాత్రం నాలో అలాగే ఉండిపోయింది. ధర్మవరంలో పెళ్లికూతుళ్లంతా భూషణ దగ్గరే ఫోటో దిగుతారని ఎవరైనా అంటే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు.

ఈ మధ్య సార్‌కు ఒంట్లో బాగాలేదని తెలిసి ఇద్దరం పెనుకొండ వెళ్లాం. సార్ భార్య సావిత్రమ్మ మమ్మల్ని చూడగానే అడిగింది.

"ఊర్లోవాళ్లందరికీ ఫోటోలు తీస్తిరి. మీ సార్‌ది ఒగటన్నా ఉండాదా?"

లేదు. సార్ ఎప్పుడూ కెమెరా వెనకాలే ఉండేవారు. ఇన్నేళ్లలో ఆయన్ని తీయాలని ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు. ఫోటోలు తీసి బతికేవాళ్లమే ఇద్దరం.

అప్పటికప్పుడు వరండాలో స్టూలు వేసి సార్‌ను కూర్చోబెట్టాం. మంచి పగటి వెలుతురు. కెమెరా వెనక నేను. నాకు ఎడమ పక్కన భూషణ తెల్ల థర్మాకోల్ షీటు పట్టుకుని, సార్ ముఖం మీదికి వెలుతురు మళ్లిస్తున్నాడు. "సార్, నా దిక్కు సూడండి" అన్నాను. చూశారు. సరిగ్గా నేను నొక్కే వేళకు ఆయన చూపు భూషణ వైపు తిరిగింది, చిన్నగా నవ్వారు. ఇంకొకటి తీద్దామంటే "సాలప్పా, నడుము నొస్తాండాది" అని లేచిపోయారు.

కొద్ది రోజులకే సార్ పోయారు. మాకు మిగిలింది ఆ ఒక్క ఫోటో.

పెద్ద దినానికి ఫోటో కట్టించే పని భూషణ తీసుకున్నాడు. ఫైలు పంపమంటే తీసింది తీసినట్టు పంపేశాను. నా స్టూడియోలో పెట్టుకోవడానికి వేరే కాపీ ముందేసుకుని కూర్చున్నాను. ఆఖరి చూపు కూడా వాడికేనా అని ఒళ్లు మండింది. పోయినవాళ్లకు కళ్లే పెట్టేవాణ్ణి, నల్లగుడ్లు కాస్త జరపడం నాకొక లెక్కా? సార్ సూటిగా నన్నే చూస్తున్నట్టు మార్చాను. మా ఆవిడను పిలిచి చూపించాను. "మీ దిక్కే సూస్తాండాడు సారు" అంది. ఆ రోజే ల్యాబ్‌కు పంపాను.

ల్యాబ్ నుంచి వచ్చిన ప్రింటులో సార్ ఎడమకే చూస్తున్నారు.

పొరపాటున పాత ఫైలు పంపానేమోనని ల్యాబ్‌కు వెళ్లాను. వాళ్ల కంప్యూటర్‌లో సార్ చూపు సూటిగానే ఉంది. నా కళ్లెదుటే మళ్లీ వేయించాను. కాగితం మెషిన్‌లోంచి బయటికి వచ్చింది. పక్క చూపే. ఆపరేటర్ స్క్రీనునూ ప్రింటునూ మార్చి మార్చి చూసి "ఇదేందన్నా" అన్నాడు. ఆ తర్వాత బెంగళూరు ల్యాబ్‌కు పంపాను. అక్కణ్ణుంచి వచ్చిందీ అంతే. ఇక చేసేది లేక దాన్నే ఫ్రేము కట్టించి స్టూడియో గోడకు తగిలించాను.

దినం రోజు పెనుకొండ వెళ్లాను. దండ వేసిన ఫోటోలో సార్ సూటిగా చూస్తున్నారు. గడప దగ్గరే నిలబడిపోయాను. భూషణను పక్కకు పిలిచి కళ్లు మార్చావా అని అడిగాను.

"సార్ మొగానికి నేను చెయ్యి పెడ్తానా? నువ్వు పంపిందే ఏపిచ్చినా" అన్నాడు. ఫోన్‌లో నేను పంపిన ఫైలు తెరిచి చూశాడు. అందులో సార్ పక్కకే చూస్తున్నారు. ఫోన్ తీసుకెళ్లి దండ వేసిన ఫోటో పక్కన పెట్టి చూశాడు.

నా గోడ మీది ప్రింటును ఫోన్‌లో తీసుకుని ఉన్నాను, అది చూపించాను.

"ఆ పొద్దు షీటు అడ్డముండి సార్ సూపు నాకి కనపడల్యా. ఈ ప్రింటు సూడగానే అనుకున్నా" అన్నాడు. "కెమెరా ఎనకాల ఉండేది నువ్వు గదా, పోతా పోతా గూడా నిన్నే సూసినాడని. ఆయప్పకు మొదట్నుంచీ నువ్వంటేనే. నాకి పని రాదని పక్కన నిలబడి నేర్పిచ్చె. కొనుక్కునే శక్తి లేదని పెట్టె ఇచ్చె. నీకి ఏదీ సెప్పే పనే లేదనేవాడు. నేనెంత కుళ్లుకున్న్యానో నీకేం తెలుసు."

ప్రింట్లు మార్చుకుందామని ఇద్దరికీ అనిపించి ఉంటుంది, ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఒక్క ఫోటో రెండు చోట్ల రెండు రకాలుగా ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఈ పనిలో ఇన్నేళ్లు ఉన్నవాణ్ణి, మెషిన్ తప్పని చెప్పి తప్పించుకోలేను. దెయ్యమనడానికీ నోరు రాదు. పెనుకొండ మీదుగా ఎప్పుడు పోయినా బస్సు దిగి సావిత్రమ్మ ఇంటికి వెళ్లి, ఆ ఫోటోకు ఎదురుగా కాసేపు కూర్చుని వస్తాను.

భూషణ హిందూపురం వస్తే నా స్టూడియోలో వేసిన కుర్చీలో వేసిన చోటే కూర్చోడు. దాన్ని ఎడమకు జరుపుకుని, గోడ మీది సార్ చూపు తన మీద పడేలా కూర్చుంటాడు. ఇంత తెలిశాక కూడా, వాడలా కూర్చున్నంతసేపూ నాకు మండుతూనే ఉంటుంది.