నర్సింగుకు నచ్చనివి

నర్సింగు నోట "బాగుంది" అన్న మాట విన్నవాళ్లు బహ్రెయిన్‌లో లేరు. అవాలి దగ్గర కార్మికుల క్యాంపులో అతని పక్క మంచం కన్నబాబుది. గోదావరి వైపు తాపీమేస్త్రీ. అతను కట్టిన గోడ చూసి నర్సింగు, "గిది నిలవడలే. పడనీకి సిగ్గయి ఆగింది" అనేవాడు.

ఆ కన్నబాబుకు పక్షవాతం వచ్చింది. ఒక పక్క పడిపోయింది, మాటా పోయింది. బుదైయాలో ఒక విల్లాలో వంట చేసే భార్య సత్యకుమారి సల్మానియా ఆసుపత్రికి పరుగెత్తింది. కొన్ని వారాలకు డాక్టర్లు, ఇక మందులకన్నా సేవ ముఖ్యం, మంచాన పడ్డవాళ్లను చూసుకునే నర్సింగ్ హోముకు మార్చమన్నారు. ఆ ఖర్చు ఆమె జీతానికి అందేది కాదు. భారత ప్రభుత్వ సాయానికి ఎంబసీలో దరఖాస్తు పెట్టాలి. తోడు రావడానికి దొరికినవాడు నర్సింగు ఒక్కడే.

ఆఫీసులో అతను ముందు కుర్చీని తిట్టాడు, తర్వాత చాయ్‌ని. "పాలను దూరంకెల్లి సూపెట్టిన్రు, చెల్లె."

"మెల్లిగా అనండి అన్నయ్యగారూ, పని చెడుతుంది" అని సత్యకుమారి బతిమాలింది.

దరఖాస్తు తీసుకున్న అధికారిణి ఉమారాణి, రోగి తన సమ్మతిని తానే తెలపాలంది. "నోటితో కాకపోతే సైగతో. నేనే వచ్చి అడుగుతాను."

"ఎవరు పలకరించినా గోడవైపు తిరిగిపోతున్నారండీ" అంది సత్యకుమారి.

"మాట పోయినోని ఒప్పుకోలు కావాల్నట" అన్నాడు నర్సింగు. "గీ తెలివి ఏ బడిల నేర్పుతున్రు మేడం?"

ఈ మనిషిని వెంట తెచ్చినందుకు సత్యకుమారి తనను తానే తిట్టుకుంది.

అన్నట్టే ఉమారాణి వార్డుకు వచ్చి మెత్తగా అడిగింది. కన్నబాబు గోడవైపు తిరిగాడు. సత్యకుమారి భర్త చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అతను కళ్లు మూసుకున్నాడు. ఉమారాణి ఫైలు మూయబోయింది.

నర్సింగు మంచం దగ్గరికొచ్చాడు. "వీణ్నేమడుగుతరు మేడం. పొద్దుమాపు పులస, పులస అంటడు. గదొక బురద చేప."

కన్నబాబు తల ఇటు తిరిగింది.

"వీని గోడలు వంకర. వీడు వండిన పులుసు సప్పన. వీని గురకకు నాకు నిద్ర లేదు. చెప్పురా, నర్సింగ్ హోముకు పోతవా, మల్ల నా పక్కకే వస్తవా?"

"హోముకే" అన్నాడు కన్నబాబు, మాటను ఈడ్చుకుంటూ. "ఈ నర్సింగు... లేని... హోముకి."

ఉమారాణి నవ్వు ఆపుకుంటూ సమ్మతి రాసుకుంది. ఇన్నాళ్లకు భర్త గొంతు విన్న సత్యకుమారి గబగబా కళ్లు తుడుచుకుంది.

"ఈయన రోజూ డ్యూటీ అయ్యాక వచ్చి తిట్టి పోతారమ్మా" అంది వార్డు నర్సు మల్లిక. "ఓదారిస్తే మీ ఆయన కళ్లు మూసుకుంటున్నారు, తిడితే పెదాలు కదుపుతున్నారు. అందుకే నేనే తిట్టమన్నాను. మీవాళ్లకు దేనికి రోషమొస్తుందో క్యాంపులో మీ వైపువాళ్లను అడిగి మరీ వస్తారు."

సత్యకుమారి చేతులు జోడించింది.

"దండం పెట్టుడు గూడ రాదు నీకు" అని నర్సింగు కిటికీవైపు తిరిగాడు.

సాయం మంజూరైంది. నర్సింగ్ హోముకు మారాక వచ్చిన మొదటి శుక్రవారం, కన్నబాబు పొద్దున్నుంచీ తలుపువైపే చూస్తున్నాడు. నర్సింగు రాగానే ఎగాదిగా చూసి, "నీ చొక్కా... దద్దిద్దంగా ఉంది" అన్నాడు.

నర్సింగు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "దరిద్రం అన్నది సాఫ్‌గ రాలే. మల్ల అను."