పొద్దుండగానే అంతర్వేది

మా మేనత్త పోయిందన్న కబురు ‘అంతర్వేది యాత్ర’ అనే వాట్సాప్ గ్రూపులో వచ్చింది. రెండేళ్ళ కిందట ఒకే ఒక్క ప్రయాణం కోసం ఆవిడ పట్టుబట్టి పెట్టించిన గ్రూపు అది. ప్రయాణం అయిపోయాక కూడా ఎవర్నీ అందులోంచి కదలనివ్వలేదు. రోజూ పొద్దున్నే ఎవరింట్లో ఏం టిఫినో అడిగేది. మొన్న ఆ ప్రశ్న రాలేదు. కాసేపటికి ఆవిడ కొడుకు, మా బావ, “అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది” అని రాశాడు. ఏడుస్తూనే పాత ఫొటోలు చూడ్డం మొదలుపెట్టాను. నాలుగో ఫొటోకల్లా నవ్వు ఆపుకోలేకపోయాను. అత్తయ్యని తలుచుకుంటే ఎవరికైనా అంతే.

మావయ్యగారిది నిడదవోలులో బట్టల కొట్టు. చీర కొనడానికి వచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వడం ఎక్కడైనా ఉంది. ఆవిడ ఉప్మా కూడా పెట్టేది. ఇంటి ముందు నుంచి వెళ్తూ పలకరించనివాళ్ళ మీద నెలల తరబడి అలిగేది. తనూ అంతే, తెలిసినవాళ్ళ గుమ్మం దాటి పోవడం ఆవిడ వల్ల అయ్యేది కాదు. “ఊళ్ళో మనవాళ్ళని చూడకుండా ఊరేం చూస్తామే?” అనేది. మీ ఇంట్లోనూ ఇలాంటి అత్తయ్య ఉంటే నా బాధ మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ ప్రయాణం మా నాన్న కోసం. నాన్నకి నీటికాసులు. ఒక కంట్లో చూపు అప్పటికే పోయింది. రెండో కన్ను పగలు ఫరవాలేదు గానీ, పొద్దు వాలితే గోడ పట్టుకుని నడవాల్సిందే. ఉన్న చూపు ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నారు డాక్టరుగారు. పుట్టి పెరిగింది గోదావరి గట్టునే అయినా, ఆ గోదావరి సముద్రంలో కలిసే చోటు నాన్న ఎన్నడూ చూడలేదు. చిన్నప్పుడు చెల్లెల్ని తీసుకెళ్తానని చెప్పాడట గానీ, ఏదో ఒక పని అడ్డొస్తూనే ఉంది.

“నువ్వు తీసుకెళ్తావని చూస్తే నా జన్మ అయిపోయేలా ఉంది. నేనే తీసుకెళ్తాను, పద అన్నయ్యా” అంది అత్తయ్య.

చలికాలంలో సోమవారం సెలవు కలిసొచ్చింది. మా ఇంటిల్లిపాదీ, ఆవిడ వీధివాళ్ళూ కలిసి మినీ బస్సు కట్టించుకున్నాం. దారి నేను వేశాను. ధవళేశ్వరం ఆనకట్ట, ద్రాక్షారామం, యానాం, చివర అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు. ఒక పక్క గోదావరి, ఒక పక్క సముద్రం, మధ్యలో సన్నటి ఇసుక మేట, దానికే ఆ పేరు. ఏ చోట ఎంతసేపు ఆగాలో కూడా రాసి గ్రూపులో పెట్టాను. నేను కాస్త చిరాకు మనిషిని, ఆలస్యమంటే గిట్టదు. ఆ కాగితానికి అత్తయ్య బొటనవేలు బొమ్మ పెట్టింది. ఆ తరవాత దాని మొహం చూడలేదు.

రాజమండ్రిలో మా ఇంట్లో టిఫిన్లే పదింటి దాకా సాగాయి. ఆనకట్ట మీద గాలికి అందరికీ మళ్ళీ ఆకలేసింది. మధ్యాహ్నం రామచంద్రపురంలో బావ అత్తవారింట భోజనం. పనసపొట్టు కూర, గారెలు, పాయసం, “ఇంకొక్కటి, ఒక్కటంటే ఒక్కటేనండి” అంటూ విస్తరి మీదకి వంగే చేతులు. ద్రాక్షారామం గుడి ఆలస్యమైపోతోందని నేను గొణిగితే, “గుడి వెయ్యేళ్ళు ఆగింది, అరగంట ఆగలేదా?” అంది అత్తయ్య. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

గుళ్ళో అడుగుపెట్టేసరికి దీపాలు పెట్టేశారు. బావ స్తంభాల మీద శిల్పాలు చూపిస్తున్నాడు. నాన్న ఉత్త గోడ వైపు తిరిగి, “బాగున్నాయమ్మా, చాలా బాగున్నాయి” అన్నాడు. అత్తయ్య చప్పున నా వంక చూసింది. ఆ రోజు ఇంకేం మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోతే బస్సులో ఎవరికీ తోచలేదు.

మర్నాటికి మళ్ళీ మామూలు మనిషైంది. యానాం రాగానే మగవాళ్ళందరికీ ఉన్నట్టుండి చరిత్ర మీద శ్రద్ధ పుట్టుకొచ్చింది. ఫ్రెంచివాళ్ళ కాలంనాటి వీధులు చూసొస్తామని దిగారు. “చూసి రండి నాయనా, ఆ చరిత్రని సీసాల్లో పట్టి మాత్రం తేకండి” అని కిటికీలోంచి కేకేసింది. మావయ్యగారు తల వంచుకుని వెనక్కొచ్చి కూర్చున్నారు.

మూడో రోజు అమలాపురం లాడ్జిలో అందర్నీ తనే లేపింది. మధ్యాహ్నం ఎక్కడా భోజనాలు లేవంది. అరటిపళ్ళు, జంతికలు పంచింది. రాజోలు దాటాక అసలు గండం ఉంది. అత్తయ్య ఆడపడుచు ఇల్లు సరిగ్గా రోడ్డు మీదే. ఆవిడ మర్యాదల్లో అత్తయ్యకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. కనబడ్డామంటే చీకటి పడేదాకా వదలదు.

“కర్టెన్లు వెయ్యండర్రా! డ్రైవరు బాబూ, హారన్ కొట్టకు, నీకు పుణ్యముంటుంది!” అని అత్తయ్య సీటు కిందికి ఒదిగిపోయింది. గుమ్మం దాటి పోవడమే మహాపాపమనే మనిషి!

ఆ ఇంటి ముందే కొబ్బరికాయల లారీ అడ్డంగా ఆగి ఉంది. డ్రైవరు చెయ్యి ఊరుకోలేదు, హారన్ కొట్టాడు. ఆడపడుచుగారు బయటికొచ్చి, కర్టెన్ పక్కకి జరిపి, లోపలికి తొంగి చూసింది.

“ఏంటి వదినా, సీటు కింద ఏం వెతుకుతున్నావు?”

అత్తయ్య లేచింది. అబద్ధమాడలేదు. “మా అన్నయ్యకి పొద్దు వాలితే కనపడదు వదినా. గోదారి కలిసే చోటు చూడాలని ఆయన కోరిక. నీకు దణ్ణం పెడతాను, ఇవాళ్టికి ఆపకు.”

ఆవిడ నాన్న వంక చూసింది. కాఫీ అని కూడా అనలేదు. తనే రోడ్డు మీదకి వెళ్ళి లారీవాణ్ణి కేకలేసి పక్కకి తీయించింది.

అంతర్వేదిలో ముందు దర్శనం చేసుకుందామన్నారు ఎవరో. “స్వామిని దీపం వెలిగించుకుని చూడొచ్చు. సముద్రానికి ఎవరు వెలిగిస్తారు?” అంది అత్తయ్య. నాన్న చెయ్యి పట్టుకుని ఇసుకలో లాక్కెళ్ళింది. మేం చెప్పులు చేత్తో పట్టుకుని వెనక పరిగెత్తాం.

ఎండ ఇంకా ఉంది. నాన్న గట్టు మీద నిలబడ్డాడు. నిదానంగా వస్తున్న గోదావరిని చూశాడు, అటు తిరిగి నురగలు కక్కుతున్న సముద్రాన్ని చూశాడు. “ఇంతుందేంటే!” అన్నాడు. “నువ్వు మాట్లాడకు, కాసేపు చూడనీ” అన్నాడు. నిజంగానే అత్తయ్య నోరు మూసుకుంది. మాకందరికీ కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, సంతోషంతోనే.

ఇంతలో మోటారు సైకిలు చప్పుడు. ఆడపడుచుగారు, కొడుకు వెనక కూర్చుని, ఒళ్ళో ఇంత పెద్ద కేరియరుతో! “మా గుమ్మం ముందు నుంచి పస్తుతో పోతారా?” అంటూ నిలబడ్డవాళ్ళని నిలబడ్డట్టే పట్టుకుని అందరి చేతుల్లో పులిహోర పెట్టింది. సగం ఇసుకతో తిన్నాం. అంత రుచి మళ్ళీ తగల్లేదు.

తింటూ అత్తయ్య చూస్తే నాన్న ఇటు తిరిగి ఉన్నాడు. “నన్ను చూస్తావేంటి అన్నయ్యా? పొద్దు పోతోంది, అటు చూడు!”

“అటు చూశాను లేవే. ఇంక నిన్ను చూడనీ.”

నాన్నకిప్పుడు వెలుతురూ చీకటీ తప్ప మరేం తెలియవు. మొన్న నిడదవోలులో ఎవరో అలవాటుగా ఆయన్ని ముందుకి నడిపించి, “కడసారి చూపు చూసుకోండి” అన్నారు. అని నాలుక కరుచుకున్నారు. నాన్న మెల్లగా వంగి చెల్లెలి చెంప తడిమాడు.

“నేను చూసుకున్నాను బాబూ” అన్నాడు.

గాలికి జుట్టు రేగి, కుచ్చిళ్ళు తడిసి, గడ్డాన పులిహోర మెతుకుతో, సముద్రానికి వీపు పెట్టి నిలబడి అత్తయ్య నోటినిండా ముద్దతో నవ్వుతోంది. మొహం మీద ఎండ పడుతోంది.