బలపాల కింద ఎర్రగీత

2004 జూన్‌లో నన్ను తెనాలి నుంచి రేపల్లె ప్రభుత్వాసుపత్రికి బదిలీ చేశారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్, పని పిల్లల డాక్టరు. అప్పటికి పన్నెండేళ్ల సర్వీసు ఉంది, దానికి తగ్గ పొగరూ ఉంది.

ఆగస్టులో ఒక దర్జీ భార్య, రమీజా, తన ఏడేళ్ల కూతురు షబానాను తీసుకొచ్చింది. పిల్ల బడిలో కుదురుగా కూర్చోదని, బోర్డు మీది లెక్క సగం ఎక్కించుకుని కిటికీలోంచి చూస్తూ ఉండిపోతుందని టీచరు కబురు పంపారట. ఇలాంటి పిల్లలకు కేసు షీటు కాన్పుకు ముందు నుంచే మొదలుపెడతాం. కడుపుతో ఉన్నప్పుడు జ్వరాలొచ్చాయా, ఏ మందులు వాడారు, ఏం తిన్నారు, బిడ్డ పుట్టగానే ఏడ్చిందా, అన్నీ వరసగా అడుగుతాం. తిండి దగ్గరకొచ్చేసరికి ఆమె తల దించుకుని, అత్తగారికి తెలియకుండా డబ్బాలకు డబ్బాలు బలపాలు తిన్నానంది. రాసుకుని, కింద ఎర్ర సిరాతో గీత కొట్టాను. పిల్లకు రక్తపరీక్ష చేయిస్తే లోపమేమీ లేదు. ముందు బెంచీలో కూర్చోబెట్టి, పని కొంచెం కొంచెంగా ఇమ్మని టీచరుకు ఉత్తరం రాసిచ్చి, నెల తర్వాత రమ్మన్నాను. రాలేదు.

డిసెంబరులో వచ్చింది, ఐదో నెల కడుపుతో. మనిషి పాలిపోయి ఉంది. హిమోగ్లోబిన్ ఏడు, పదకొండైనా ఉండాలి. ఏం తింటున్నావంటే చారన్నం అంది. గుడ్డు, చేప, ఆకుకూర ఏవీ లేవు. ఇంట్లో జరగక కాదు. నేను గట్టిగానే కోప్పడ్డాను.

“షబానా కడుపులో ఉన్నప్పుడు తిన్నవేవీ ఇప్పుడు ముట్టట్లేదండి. ఏది పడలేదో తెలీదు కదండి. మీరే బలపాల కింద ఎర్రగీత కొట్టారు మేడమ్.”

బలపాలు తినాలనిపించడం ఒంట్లో రక్తం తక్కువైందనడానికి ఒక గుర్తు. తల్లికి అలా ఉంటే బిడ్డకూ రక్తం తక్కువ కావచ్చు, అందుకే పిల్లకు రక్తపరీక్ష రాయాలని నేను మరిచిపోకుండా కొట్టుకున్న గీత అది. ఆమె దాన్ని తన మీద తీర్పనుకుని ఇన్ని నెలలూ కడుపు మాడ్చుకుంది. సిగ్గేసింది.

“చూడమ్మా, నీ తిండి వల్లే పిల్ల ఇలా అయిందని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ గీత నా కోసం కొట్టుకున్నా. నీకు చెప్పకపోవడం నాదే తప్పు.”

ఆమె కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, అయితే చేపల పులుసు తినొచ్చా అని అడిగింది. ఆ పూటే వండుకోమన్నాను.

తిండితో, ఐరన్ మాత్రలతో ఎనిమిదో నెలకు హిమోగ్లోబిన్ పది దాటింది. నెలలు నిండాక మా ఆసుపత్రిలోనే కాన్పయింది. ఆడపిల్ల, మూడు కిలోలకు కాస్త తక్కువ. ఆ కబురు విన్నాకే నా గుండె కుదుటపడింది. షబానా బడిలో లెక్కలు పూర్తి చేస్తోందని టీచరు చెప్పారట, కుదురు మాత్రం పెద్దగా రాలేదు.

తల్లిని ఒక ప్రశ్న అడిగితే, ఎందుకడిగామో కూడా అక్కడే చెప్పాలి. మనం చెప్పకపోతే, కారణం ఆమె తన తప్పుల్లోనే వెతుక్కుంటుంది.